గాలి మింగిన బండి
– తృతీయ బి.యస్సీ. విద్యార్థి

మా ఇంటి ముందు మిలిటరీ లారీ ఒకటి నిలబడి వుంటుందంటే మా హాస్టల్లో ఎవరూ నమ్మలేదు. "మీ నాయన కర్నలా?" అని అడిగిన మహానుభావులు కూడా వున్నారు. మా నాయన రైతు. అనంతపురం జిల్లాలో మూడెకరాల చీనీతోట, రెండెకరాల సెనక్కాయ చేను, వాటికి తగినన్ని అప్పులు – ఇవీ ఆయన ఆస్తిపాస్తులు. లారీ మాత్రం నిజంగా మిలిటరీదే. సైన్యంవారు యిక దీనితో పని లేదని వేలం వేస్తే ఎవరో కొన్నారు. వారి దగ్గర ఇంకొకరు కొన్నారు. ఆ ఇంకొకరి దగ్గర మా నాయనా, చిన్నాయనా చెరిసగం వేసుకుని కొన్నారు. దాని ఒంటిమీద పెచ్చులూడిన చోటల్లా ఒక్కొక్క యజమాని రంగు కనబడుతుంది. అన్నిటికన్నా అడుగున మాత్రం సైన్యం ఆకుపచ్చ.

బండి పేరు శక్తిమాన్. పేరు వినగానే నవ్వకండి. 1997లో దూరదర్శన్‌లో మొదలైన పిల్లల ధారావాహికకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ గిరగిర తిరిగే వీరుడికంటే యీ బండి నలభై ఏళ్ళు పెద్దది. జర్మనీలోని మాన్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని మన జబల్‌పూర్ కర్మాగారాల్లో 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టారు. 1990ల నడుమ దాకా చేస్తూనే వున్నారు. 1965లోనూ, 1971లోనూ యుద్ధానికి బియ్యం, బాంబులు, జవాన్లను మోసింది ఇదే జాతి. నాలుగు చక్రాలూ తిరుగుతాయి గనుక ఇసుకలోనూ బురదలోనూ పోతుంది. మా వంక దాటడానికి ఇంతకన్నా తగిన వాహనం లేదని మా చిన్నాయన వాదన.

మాన్ కంపెనీ అన్నచోట సైన్సు విద్యార్థి ఒక్క క్షణం ఆగాలి. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1893 నుంచి 1897 దాకా కిందా మీదా పడి తన ఇంజను నడిపించింది ఆగ్స్‌బర్గ్ ఊళ్ళో, తర్వాత మాన్ అనే పేరు పెట్టుకున్న ఆ కర్మాగారంలోనే. అంటే మా వాకిట్లో నిలబడ్డది డీజిల్ గారి పుట్టింటి సంతానమన్నమాట. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును సెనక్కాయ నూనెతో నడిపి చూపించారని కూడా చదివాను. ఆ సంగతి మా అవ్వకు చెబితే, "పప్పులోకి చుక్క లేదుగాని బండికి పోస్తారా!" అని ఆ ప్రదర్శనకారులను నూట ఇరవై ఏళ్ళ తర్వాత శపించింది.

యిక అసలు సంగతికి వస్తాను. 2023లో మా వైపు వానలు మొహం చాటేశాయి. 2024 సంక్రాంతి దాటేసరికి మా రెండు బోర్లూ గాలి కక్కడం మొదలుపెట్టాయి. చీనీచెట్టు సెనక్కాయ మొక్క కాదు, ఈ ఏడు పోతే వచ్చే ఏడు విత్తుకుందామనడానికి. నాటిన నాలుగైదేళ్ళకు కాపుకొస్తుంది, ఒక్క ఎండాకాలం తట్టుకోలేకపోతే ఆ నాలుగైదేళ్ళూ ఆవిరి. మా తోటలో 320 చెట్లు. ఏడు కిలోమీటర్ల అవతల ఒకాయన బోరు ఇంకా పోస్తుంటే ట్రిప్పుకింత అని మాట్లాడుకుని మార్చి నెల నుంచి నీళ్ళు తోలడం మొదలుపెట్టారు. శక్తిమాన్ వెనకాల ఐదు వేల లీటర్ల ట్యాంకరు బిగించారు. రోజుకు నాలుగు ట్రిప్పులు తోలితే చెట్టుకు అరవై లీటర్లు అందుతాయి. మూడైతే చెట్లు ఆకు ముడుచుకుంటాయి. రెండైతే రాలుస్తాయి. ఇది నేను చదువుకున్న లెక్క కాదు, మా నాయన పొద్దున్నే ఆకు వేళ్ళ మధ్య నలిపి చెప్పే లెక్క.

ఏప్రిల్ ఆఖర్లో బండి మొరాయించింది. ఊరికి రెండు కిలోమీటర్ల ముందు ఒక మిట్ట వుంది. నీళ్ళతో నిండుగా వస్తూ ఆ మిట్ట సగం ఎక్కేసరికి ఇంజను నీరసించి, రెండు మూడుసార్లు ఎగశ్వాస పీల్చి, ఆగిపోయేది. వెనక్కు దొర్లించి, బానెట్ ఎత్తి, చేతిపంపు నలభైసార్లు కొట్టి గాలి తీస్తే మళ్ళీ స్టార్టయ్యేది. ఒకోసారి మిట్ట ఎక్కేది, ఒకోసారి ఎక్కేది కాదు. నాలుగు ట్రిప్పులు మూడయ్యాయి, కొన్నిరోజులు రెండయ్యాయి.

పక్క టౌను నుంచి ఒక మెకానిక్కును పిలిపించారు. ఆయన పావుగంట చూసి, "పంపు పోయింది" అన్నాడు. పంపు అంటే ఇంజెక్షన్ పంపు. ఇంజను పక్కన ఇనుప పెట్టెలాగా కూర్చుని, ఆరు సిలిండర్లకూ ఆరు సన్నని గొట్టాల్లో డీజిలును కొలిచి కొలిచి కొట్టేది. దాన్ని విప్పి పంపించాలి, లోపల ఎలిమెంట్లు మార్చాలి, బెంచి మీద ట్యూనింగు చేయించాలి, పాతిక వేలు, పది రోజులు. యీ పాత బండికి సామాన్లు దొరకడం కష్టం గనుక ఇంకా ఎక్కువైనా కావచ్చు. ఆయన్ని నేను తప్పు పట్టను. డీజిల్ బండి ఏ రోగంతో ఆగినా పదిమందిలో ఎనిమిదిమంది మొదట పంపునే అంటారు. ఖరీదైన సామాను మీదికే మనిషి అనుమానం పోతుంది, అది మానవ స్వభావం.

ఇబ్బంది ఏమిటంటే, ఇంట్లో సరిగ్గా పాతిక వేలు వున్నాయి. అవి నా రెండో సంవత్సరం ఫీజు, మెస్ అడ్వాన్సు. సెమిస్టరు సెలవులకు నేను ఇంటికి చేరిన రోజునే యీ మాట వచ్చింది. నాయన నాతో ఏమీ అనలేదు. రాత్రి అమ్మ బీరువా తాళం తీసిన చప్పుడు, నోట్లు లెక్కపెట్టిన చప్పుడు మాత్రం వినబడ్డాయి. చెట్లు నిలబడితే వచ్చే ఏడు కాయ అమ్మి నన్ను చదివించవచ్చు. చెట్లు పోతే ఫీజు కట్టినా కట్టకపోయినా ఒకటే. ఆయన స్థానంలో వుంటే నేనైనా అలాగే లెక్కపెట్టేవాణ్ణి.

అమ్మ మాత్రం ఆ రాత్రే వాళ్ళ అన్నకు ఫోను చేసింది.

మా మామ సైన్యంలో ఇ.ఎం.ఇ. శాఖలో వాహనాల మెకానిక్కుగా పనిచేసి హవల్దారుగా దిగినవాడు. సికింద్రాబాదులో ట్రైనింగయి, అక్కడినుంచి రాజస్థాన్ ఇసుకలోనూ, లద్దాఖ్ మంచులోనూ శక్తిమాన్లతోనే కాపురం చేశాడు. అటువంటి మనిషి కర్నూలు జిల్లాలో వుండగా మెకానిక్కుకోసం టౌనుకు ఎందుకు పోయారని మీరు అడగవచ్చు. నాయనకూ మామకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. మా మూడో బోరు వేయవద్దని మామ చెప్పాడు, నాయన వేశాడు. ఏడు వందల అడుగులు దింపితే దుమ్ము వచ్చింది. ఆ బోరుకు పెట్టిన డబ్బులో సగం మామ దగ్గర తెచ్చిందే. మిగతాది చెప్పనక్కరలేదు, మా వైపు పాఠకులకు ఇటువంటి కథ ఇంటికొకటి తెలుసు.

మామ తెల్లారి బస్సుకు దిగాడు. కాఫీ తాగకుండానే బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నాయనను కాదు, నన్ను అడిగాడు.

"ఏమిరా అబ్బయ్యా, దిడీర్న సచ్చిందా, ఎగపోసుకుంటా సచ్చిందా?"

"ఎగపోసుకుంటా సచ్చింది మామా."

"ఆగేటప్పుడు పొగ ఏ రంగు?"

ఆ సంగతి నాకు తెలియదు. నాయన స్తంభానికి ఆనుకుని నిలబడి గాలితో చెప్పినట్టు, "పొగే లేదు" అన్నాడు. మామ కూడా గాలి దగ్గర విన్నట్టే విని తలూపాడు.

యీ రెండు ప్రశ్నల్లోనే సగం వైద్యం వుందని తర్వాత తెలిసింది. డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజనులాగా నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని గట్టిగా అణిస్తే అది కాగిపోతుంది. ఆ కాగిన గాలిలోకి డీజిలును పొగమంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. కాబట్టి కావలసినవి రెండే, గాలి, డీజిలు. ఎవరో కట్టేసినట్టు దిడీర్న ఆగితే, డీజిలును కట్టేసే లీవరు పడిపోయిందా, ఏదైనా విరిగిందా అని చూడాలి. ఊపిరాడనట్టు ఆగితే తిండి అందడం లేదు. నల్లపొగ వస్తే డీజిలు అందుతూంది, గాలి చాలడం లేదు. స్టార్టు కొట్టినప్పుడు తెల్లపొగ వస్తే డీజిలు సిలిండర్లోకి పోతూంది, కాలడం లేదు. పొగే లేకపోతే డీజిలు అక్కడిదాకా రానేలేదు.

"పంపు మీద చెయ్యేసే ముందర ట్యాంకు మూత మీద చెయ్యేయల్ల" అన్నాడు మామ. సైన్యంలో ఆయనకు నేర్పిన క్రమం అదట. డీజిలు ఎటు నుంచి ఎటు పోతుందో అటునుంచే నడుస్తూ రావాలి. ట్యాంకు, అందులో మునిగిన గొట్టం, పైపు, ఫీడ్ పంపు, ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, నాజిళ్ళు. చౌకైనవన్నీ ముందర వున్నాయి, ఖరీదైనవన్నీ చివర వున్నాయి. ఇంత అనుకూలంగా దేవుడు కూడా అమర్చడు.

మొదట మూత. డీజిలు వాడుకున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. మూతకున్న సన్నని రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి డీజిలు కదలదు. మూత సడలించి నడిపాం, మిట్ట దగ్గర ఆగింది. తరువాత ఫిల్టరు. అడుగున నీళ్ళూ, నల్లటి జిగురూ వచ్చాయి. మార్చాం. కొంచెం కులాసాగా నడిచిందిగాని మళ్ళీ అక్కడే ఆగింది. "లద్దాఖులో అయితే ఇదే లక్షణం చలికొస్తుంది. డీజిలు మైనం కట్టి ఫిల్టరు మూసుకుంటుంది. ఈడ మైనం ఏడుంది, ఒళ్ళే కరిగిపోతాంది" అని మామ నవ్వాడు. ఫిల్టరు మీది గాలిస్క్రూ సడలించి చేతిపంపు కొట్టించాడు. డీజిలు రాలేదు, నురగ వచ్చింది. సబ్బునీళ్ళలాగా తెల్లగా, బుసబుస మంటూ.

గాలి ఎందుకంత శత్రువో ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. సాహిత్య విద్యార్థులు యీ పేరా వదిలేసి పోవచ్చు. నాజిల్‌లో ఒక సూది, దాన్ని అణిచిపెట్టిన స్ప్రింగు వుంటాయి. వాతావరణ పీడనానికి నూటయాభై, రెండువందల రెట్లు వత్తిడి వస్తేగాని ఆ సూది లేవదు. ద్రవం అణగదు గనుక పంపులో ప్లంజరు ఒక్క నెట్టు నెట్టగానే ఆ వత్తిడి నాజిల్ దాకా పోతుంది. మధ్యలో గాలిబుడగ వుంటే? ప్లంజరు నెట్టిన నెట్టంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది. ప్లంజరు వెనక్కు రాగానే బుడగ మళ్ళీ వుబ్బుతుంది. సూది లేవదు. ఇంజను తిరుగుతుందిగాని డీజిలు చుక్క పడదు. నాజిల్ గొట్టం నట్టు సడలించి మామ ఇది కూడా చూపించాడు. దగ్గరకు వంగబోతే చొక్కా పట్టి వెనక్కు లాగాడు. ఆ వత్తిడిలో చిమ్మిన డీజిలు చర్మంలోంచి దూరి మాంసంలోకి పోతుందట. చెయ్యి తీసేయవలసి వచ్చిన మనిషిని ఆయన చూశాడు.

సరే, గాలి ఎక్కడినుంచో వస్తున్నది. ఎక్కడినుంచి?

మామ యిరవై లీటర్ల క్యాన్ నిండా డీజిలు నింపించి, క్యాబిన్ పైకెక్కించి, దాన్ని పట్టుకుని కూర్చునే భాగ్యం నాకు ప్రసాదించాడు. బండి ట్యాంకు నుంచి వచ్చే పైపును ఫీడ్ పంపు దగ్గర విప్పి, దాని బదులు క్యాన్ నుంచి దించిన గొట్టం తగిలించాడు. ట్యాంకరు నిండా నీళ్ళు. మే నెల ఎండ. నా కింద కాలుతున్న రేకు. బండి మిట్టను చేరింది, సగం దాటింది, ముప్పావు దాటింది, ఎక్కేసింది. తిప్పించి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ ఎక్కింది. పొలాల్లో వున్నవాళ్ళు క్యాన్ కౌగిలించుకుని లారీ మీద ఊరేగుతున్న నన్ను చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఆ ఒక్క పరీక్షతో పాతిక వేలు మిగిలాయి. ఫీడ్ పంపు నుంచి ఇంజను వైపు వున్నదంతా నిర్దోషి. రోగం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య వున్న గజం పొడుగు దారిలో వుంది. వలయాన్ని సగానికి విరిచి, ఏ సగంలో దోషముందో తేల్చి, ఆ సగాన్ని మళ్ళీ విరవడమన్నది మాకు ఎలక్ట్రానిక్సు ల్యాబులో కూడా చెబుతారు. అక్కడ మార్కులకోసం చేశాను. ఇక్కడ క్యాన్ మీద కూర్చుని నేర్చుకున్నాను.

అయితే ఆ గజం దారిలో ఎక్కడా డీజిలు కారడం లేదు. మామ పైపంతా గుడ్డతో తుడిచి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. నాకు అర్థం కాలేదు. రంధ్రముంటే కారాలి కదా? అప్పుడు నాయన, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, నేరుగా మామతో మాట్లాడాడు.

"సెక్షన్ పైపు గదా బావా. కారదు, పీలుస్తాది."

మామ గుడ్డ పట్టుకుని అలాగే ఒక క్షణం నిలబడి, "అంతే బావా" అన్నాడు.

నాయనకు డీజిల్ ఇంజను శాస్త్రం తెలియదు. బావి తెలుసు. మా తాత రోజుల్లో బావిలో నీళ్ళు దిగేకొద్దీ ఇంజనును కూడా తాళ్ళు కట్టి లోపలి గట్టు మీదికి దించేవాళ్ళట. ముప్పై అడుగులకంటే ఎక్కువ లోతునుంచి ఏ పంపూ నీళ్ళు పీల్చలేదు. మా లెక్చరరుగారు టారిచెల్లి ప్రయోగం చెబుతూ, "పీల్చడం అనేది ప్రకృతిలో లేదు, పైనున్న వాతావరణం నెడుతుంది, అంతే" అన్నారు. 76 సెంటీమీటర్ల పాదరసం, 10.3 మీటర్ల నీరు – నేను పరీక్షలో వ్రాసిన యీ అంకెలనే మా తాత తాళ్ళతో వ్రాశాడు. ఆ పీల్చే గొట్టానికి పిన్నంత రంధ్రం పడితే నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది, పంపు నీళ్ళు వదిలేస్తుంది. రంధ్రం కంటికి కనబడదు గనుక బంకమట్టి పూసుకుంటూ పోయేవారట. ఎక్కడ పూసినప్పుడు పంపు అందుకుంటుందో అక్కడ రంధ్రం.

మామ బంకమట్టికి బదులు గ్రీజు తీసుకున్నాడు. తాపీ మేస్త్రి దగ్గర లెవెలు చూసుకునే పారదర్శకమైన పైపు రెండడుగులు అడిగి తెచ్చి, ఫీడ్ పంపుకు ముందర తగిలించాం. ఇప్పుడు డీజిలు పోవడం కళ్ళారా కనబడుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపూ ఎప్పుడో ఒక బుడగ. యాక్సిలరేటరు తొక్కగానే ముత్యాల దండలాగా బుడగలు. ప్రతి జాయింటుకూ, రాగి వాచర్లున్న ప్రతి బాంజో బోల్టుకూ గ్రీజు పూశాం. గట్టిపడ్డ రబ్బరు పైపు మార్చాం. బుడగలు తగ్గలేదు. చీకటి పడింది. ఆ రోజు ఒక్క ట్రిప్పే.

ఇక్కడ మా నాయన గోడ గురించి చెప్పాలి. మోటారు కొట్టం గోడ మీద ఆయన బొగ్గుతో లెక్కలు వ్రాస్తాడు. తేదీ, ఎన్ని క్యాన్ల డీజిలు పోసింది, ఎన్ని ట్రిప్పులు, ఆగితే ఒక ఇంటూ గుర్తు. నిండా పోయించే స్తోమత లేదు గనుక రెండు రోజులకొకసారి రెండు క్యాన్లు, నలభై లీటర్లు పోస్తారు. ఆ రాత్రి టార్చిలైటుతో ఆ గోడ చదువుతూ కూర్చున్నాను. క్యాన్లు పోసిన రోజు ఎదుట ఒక్క ఇంటూ లేదు. రెండో రోజు ఆఖరు ట్రిప్పుల ఎదుట ఇంటూలు. ఒక రోజు ఆలస్యమై మూడో రోజు పోసినప్పుడు, ఆ మూడో రోజు పొద్దున చల్లటి వేళ కూడా ఇంటూ.

మా చిన్నాయన కల్తీ డీజిలంటున్నాడు. కల్తీ అయితే పోసిన రోజే ఆగాలి. పొరుగాయన ఎండకు డీజిలు ఆవిరవుతోందంటున్నాడు. ఎండకైతే పొద్దున ఆగకూడదు. ఆగడానికీ రోజుకూ, ఎండకూ సంబంధం లేదు. ట్యాంకులో ఎంత డీజిలు మిగిలిందన్న దానితోనే సంబంధం. ఎందుకు? ట్యాంకు లోపల, డీజిల్లో మునిగే గొట్టానికి నడుమ ఎక్కడో రంధ్రం వుంటే? డీజిలు ఆ రంధ్రానికి పైన వున్నంతకాలం అది డీజిలునే పీలుస్తుంది, ఎవరికీ తెలియదు. మట్టం దిగగానే గాలి పీలుస్తుంది. మిట్ట ఎక్కేటప్పుడు బండి వెనక్కు వాలి డీజిలు ట్యాంకు వెనక గోడ వైపు పోతుంది. మా బండిలో గొట్టం ముందువైపు వుంది. పైగా బరువు లాగేటప్పుడే ఫీడ్ పంపు ఎక్కువ లాగుతుంది. ఇంజను ఎంత తింటే అది అంత అందించేలా దాని స్ప్రింగు అమర్చి వుంటుంది. అన్ని ఇంటూలూ మిట్ట మీదనే ఎందుకున్నాయో తేలింది.

నిద్రపోతున్న మామను లేపి చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ విని, "రేప్పొద్దున రుజువు చెయ్" అని మళ్ళీ పడుకున్నాడు.

రుజువు చేయడం సులభం. తెల్లారి ఇంజను స్టార్టు చేసి వేగం పెంచాం. లెవెలు పైపులో బుడగలు పరుగెత్తుతున్నాయి. నాయనను ఒక క్యాన్ డీజిలు ట్యాంకులో పొయ్యమన్నాను. సగం క్యాన్ పోసేసరికి బుడగలు పలచబడ్డాయి. ముప్పావు పోసేసరికి ఆగిపోయాయి. ఎర్రటి ఎండలో ఆ పైపు నిండా తేనెరంగు డీజిలు, ఒక్క బుడగ లేకుండా. నేను ఎన్నో ప్రాక్టికల్సు చేశాను. రిజల్టు ముందుగానే తెలిసి వెనకనుంచి రీడింగులు వ్రాసుకున్నవే ఎక్కువ. ముందు చెప్పి, తర్వాత చూడడం నాకు అదే మొదటిసారి.

గొట్టం పైకి తీశాం. సగానికి కొంచెం పైన, లోపలి బిగింపు వదులై అదురుతూ రాసుకున్నచోట, గోరు వెడల్పు కూడా లేని చీలిక. గొట్టాన్ని కడిగి, ఆరబెట్టి, టౌనులో లేతు షాపుకు తీసుకుపోయాం. ఇత్తడి పోసి అతికినందుకు నూటయాభై రూపాయలు, కొత్త రాగి వాచర్లకు అరవై. ట్యాంకుకే అతుకు వేయవలసి వస్తే మాత్రం తాను ఒప్పుకోనని మామ దారిపొడవునా చెబుతూనే వున్నాడు. ఖాళీ ట్యాంకులో ఆవిరి వుంటుంది, దానికి మంట చూపిస్తే బాంబు. వదులైన బిగింపును కూడా సరిచేశాడు. లేకపోతే ఆరునెలలకు మళ్ళీ అక్కడే చీలుతుందని.

ఆ మధ్యాహ్నం రెండు ట్రిప్పులు, మర్నాటినుంచి నాలుగు. జూన్‌లో మొదటి వాన పడేదాకా గోడమీద ఇంటూ పడలేదు. 320 చెట్లలో 37 పోయాయి. మిట్ట దగ్గర నీళ్ళు ఆగిపోయిన ఆ పదిహేను రోజుల్లో ఆకు రాల్చినవే అవన్నీ, తోట చివరి వరుసల్లోవి. వాటిని కొట్టి కట్టెలు చేసేటప్పుడు నాయన ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మిగతావి నిలిచాయి. నా ఫీజు జూలైలో కట్టాం.

మామ నాలుగు రోజులుండి వెళ్ళాడు. బోరు మాట గాని, బాకీ మాట గాని ఎవరూ ఎత్తలేదు. బస్సెక్కేటప్పుడు నాయన ఒక సంచీ నిండా చీనీకాయలు అందించబోతే, "ఇవి అమ్ముకో బావా" అని మామ, "అమ్మేటియి కావులే, ఎండకు సైజు రాలేదు" అని నాయన కాసేపు వాదులాడుకున్నారు. డ్రైవరు హారను కొట్టేదాకా తేలలేదు. సంచీ బస్సులోనే పోయింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ వారానికొకసారి ఫోనులో మాట్లాడుకుంటారు. మాటంతా బండి గురించే. మొన్న నాయన ఫోను చేసి, క్లచ్చి కొంచెం జారుతోందని మామతో చెప్పాననీ, ఆయన ఏదో చెప్పాడుగాని తనకు సగమే అర్థమైందనీ, నన్ను అడిగి వ్రాసిపెట్టమన్నాడు. సెలవులకు వచ్చేటప్పుడు పధ్నాలుగు మిల్లీమీటర్ల రాగి వాచర్లు ఒక డజను కూడా తెమ్మన్నాడు. మా టౌనులో అల్యూమినియంవే దొరుకుతున్నాయట.